మేకలు తినవు

కడియపులంక నుంచి మూడు చక్రాల బండి తొక్కుకుంటూ
ఊరూరా మొక్కలమ్మిన రోజుల్లో
పచ్చగన్నేరుకి నా దగ్గర రెండే మాటలు:
నీళ్ళు పొయ్యక్కర్లేదు. మేకలు తినవు.
ఎందుకు తినవని ఒక్కరూ అడగలేదు.
అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

పద్దెనిమిదేళ్ళకి అదే గుమ్మం ముందు నిలబడ్డాను.
నేనిచ్చిన జానెడు మొక్క ఇంటి చూరు దాటిపోయింది.
దాని కింద అక్కలు ఆ గింజలతో అచ్చెనగాయలాడుతుంటే
పక్కన కూచున్న మూడేళ్ళ జస్విత
ఒకటి కొరికి చూసిందట.
అమలాపురం ఆసుపత్రిలో మూడు రాత్రులు
తెర మీద ఆ పిల్ల గుండె
గట్టు తెగిన బోదెలా
ఒకసారి ఆగి, ఒకసారి పొర్లి.

బతికింది.

ఈ మాట అంబాజీపేటలో
కొబ్బరిపీచు బేరం మధ్య నా చెవిన పడింది.
బేరం సగంలో వదిలేసి వచ్చాను.

మా కోడలు రొయ్యల ప్లాంటులో వేసుకునే రబ్బరు తొడుగులు,
మనవడి బండి కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా.
"పెళ్ళికొడుకులా ఉన్నావు సింహాద్రీ" అంది అచ్చాయమ్మ,
నవ్వించాలని కాదు, ఏమనాలో తెలియక.
పిల్లల్నీ మేకనీ పెరటింట్లో పెట్టి
గడియ వేయించాను.

మొదట కొమ్మలు, పైనుంచి కిందకి.
రంపం దిగిన చోటల్లా పాలు.
పసిపిల్ల ఉన్న ఇంట్లో
పాలంటే అంత భయమెప్పుడూ వెయ్యలేదు.
చెమట తుడుచుకోబోయిన చేతిని
రెండో చేత్తో పట్టి ఆపుకున్నాను.

తర్వాత మొదలు. తర్వాత వేళ్ళు.
వేలెడు ముక్క మిగిల్చినా
పాత అప్పులా మళ్ళీ లేస్తుంది.

"తగలెట్టెయ్" అన్నాడు పక్కింటి ధర్మారావు.
పొగా విషమే అన్నాను.
"కాలవలో తొయ్యి."
కాలవ ఎవరింటి ముందు ఆగుతుందో చెప్పమన్నాను.
"పోనీ పాతెయ్."
పాతుదామనే తవ్వాను.
మార్గశిరం. రెండు పారల లోతుకే
గుంటలో ఆకాశం కనబడింది.
మాది నీళ్ళ మీద పరిచిన నేల,
ఇక్కడ దాచిందేదైనా
పక్కవాడి బోరింగులో పలకరిస్తుంది.
గుంట పూడ్చేశాను.

ఆరు యూరియా గోతాల్లో కుక్కి, మూతులు కుట్టి
ఎర్రరంగుతో రాశాను:
విషం. కాల్చవద్దు. పశువులకు వెయ్యవద్దు.
నా చదువు రెండో తరగతి,
"వద్దు"లో ఒత్తు మరిచి మళ్ళీ దిద్దాను.
పంచాయతీ ట్రాక్టరు కుర్రాడి చేత
ఆరు గోతాలూ పైకి చదివించాను.
విసుక్కున్నాడు. చదివాడు.

ఇక గింజలు.
చీపురు పెడితే చెదిరిపోతాయి, అందుకని మోకాళ్ళ మీద.
పిడకల దొంతర కింద, అరుగు పగుల్లో,
తొట్టి వెనక, చిన్న చెప్పు మడమ దగ్గర ఒకటి.
నూట నలభై దాకా లెక్కపెట్టి మానేశాను.
రేవుకి పోకుండా బకెట్టులోనే
రంపం, పార, తొడుగులు సబ్బుతో కడిగి
ఆ నీళ్ళు మేక మెసలని మూల పోశాను.

పొద్దువాలాక అచ్చాయమ్మ అడిగింది,
"మరి రేపు దేవుడికి పూలో?"
గోనెలో చుట్టి తెచ్చిన మందారం దింపాను.
దీనికి రోజూ నీళ్ళు పొయ్యాలి.
మేకలు తింటాయి, కంచె కట్టుకోండి.
డబ్బులెంతంది.
వినబడనట్టు పలుగు భుజానికెత్తుకున్నాను.
తొలకరికి మొలకలు లేస్తాయి,
అప్పుడొస్తానని మాత్రం చెప్పాను.

రాత్రి ఇంటి దగ్గర
ప్యాంటు మడతలోంచి ఒక గింజ రాలింది.
మందుల సీసాలో వేసి మూత బిగించి
ముందు పెట్టుకు కూచున్నాను.
ఇంట్లో ఇన్ని మూలలున్నాయి,
దాన్నెక్కడ పెట్టాలో
తెల్లారేదాకా తోచలేదు.